జపాన్ కౌసల్య

నాచారంలో పాత కాపురస్థులను పట్టుకుని కౌసల్యమ్మ ఇల్లెక్కడని అడిగితే, ఏ కౌసల్యమ్మ అని ఎదురడుగుతారు. జపాన్ కౌసల్యమ్మ అన్నామంటే మాత్రం దారి చూపిస్తారు, ఓపికున్నవాళ్లయితే గల్లీ మొదటిదాకా తోడొస్తారు. ఆమె జపాన్ చూడలేదు. విమానం ఎక్కలేదు. తూర్పున ఆమె పోయింది భువనగిరి దాకా, ఎందుకంటే అది పుట్టిల్లు. అయినా పేరు అతుక్కుంది, ఊడలేదు.

ఆ పేరు పుట్టిననాటికి ఉప్పల్ చౌరస్తా మీద ఇన్ని వంతెనలు లేవు. రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలు ఇంకా కొన్ని మిగిలి ఉండేవి. పొద్దున కంపెనీల సైరన్లు ఒకదాని వెనక ఒకటి కూసేవి, నాచారం రోడ్డంతా టిఫిన్ డబ్బాలు వేలాడే సైకిళ్లతో నిండిపోయేది. ఇప్పుడు ఆ రోడ్డు మీద సైకిలు తొక్కితే బతికి బయటపడడం కష్టం. ఆ సైకిళ్ల గుంపులో కౌసల్య పెనిమిటి కనకరాజు కూడా ఉండేవాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో బేరింగులు చేసే ఒక కంపెనీలో మిషన్ ఆపరేటరు. మెత్తటి మనిషి. కంపెనీలో సూపర్‌వైజరు మాటకు, ఇంట్లో తల్లి మాటకు ఎదురుచెప్పి ఎరగడు.

తల్లి లక్ష్మీనర్సమ్మ. అక్క రాజ్యం పెళ్లి చేసుకుని పక్క గల్లీలోనే ఉండేది. ఆమె భర్తది మౌలాలి రైల్వేలో ఉద్యోగం. పేరుకు రెండిళ్లు గానీ పొయ్యి ఆరేది మాత్రం రాజ్యం వచ్చి రుచి చూశాకే. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. కౌసల్యకు జ్వరమొస్తే అత్త తలకు తడిబట్ట వేసి కూర్చునేది, ఇద్దరు ఆడపిల్లల పురుళ్లూ రాజ్యమే దగ్గరుండి పోసింది. కానీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే కలిసి గడప దాటడం అనే పని ఒకటుంటుందని ఎవరికీ తోచలేదు. పెళ్లైన కొత్తలో యాదగిరిగుట్టకు పోతే అత్త, రాజ్యం, రాజ్యం భర్త, ఇంకా ఎవరెవరో చుట్టాలు కలిసి ట్రక్కు నిండా పోయారు. సినిమాకు పోతే కనకరాజు ఈ కొసన, ఆ తర్వాత బావ, రాజ్యం, అత్త, ఆ కొసన కౌసల్య. ఇంటర్వెల్లో కనకరాజు కొన్న సమోసా నాలుగు చేతులు మారి, చల్లారి, ఆమె చేతికి అందేది. ఆమె దాన్ని తింటూ ఆ కొసకు తొంగి చూసేది. అతను తెర వైపు చూస్తూ ఉండేవాడు.

ఇది పెద్ద బాధని ఎవరికి చెప్పుకుంటుంది? చెప్తే నవ్వుతారు. కానీ కౌసల్యకు లోపల ఒక్క కోరిక పాతుకుపోయి ఉండేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయనతో ఇద్దరే ఎక్కడికైనా పోవాలి. ఎక్కడికన్నది ముఖ్యం కాదు.

అలాంటి ఇంటికి ఒక వానాకాలంలో ఒకాదా భోజనానికొచ్చాడు. కంపెనీ జపాన్ నుంచి కొత్త మిషన్ తెప్పించింది, దాన్ని బిగించి నేర్పడానికి వచ్చిన ఇంజనీరు ఆయన. కనకరాజు పని నచ్చి, మీ ఇల్లు చూస్తానన్నాడట. గల్లీకి గల్లీ వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. ఒకాదా ఇంగ్లీషు తెలియజెప్పడానికి ఎదురింటి జనార్ధనరావును పిలిచారు. ఆయనది గుంటూరు వైపు, హబ్సిగూడలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ప్రపంచంలో తనకు తెలియని సంగతి లేదని గట్టి నమ్మకం ఉన్న మనిషి.

ఒకాదా గడప ముందు బూట్లు విప్పి, అందరికీ నడుము వంచి దండం పెట్టి, చాప మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. పచ్చిపులుసు గిన్నె ఎత్తి చప్పుడొచ్చేలా జుర్రాడు. లక్ష్మీనర్సమ్మ మురిసిపోయింది.

"గీయన మనోడే గదనే! బల్ల అడగలే, చెంచ అడగలే," అన్నది కూతురితో.

తిన్నాక ఒకాదా తన ఊరి ముచ్చట్లు చెప్పాడు. జనార్ధనరావు ఒక్కో ముక్కకు తన ముక్క ఒకటి కలిపి వినిపించాడు. చలికాలం పోయాక అక్కడ ఒక చెట్టు పూస్తుందట. ఆకు కనబడకుండా ఒట్టి పూలేనట. ఆకాశం కిందికి దిగి కొమ్మల మీద కూర్చున్నట్టుంటుందట. వారం తిరిగేసరికి రాలిపోతాయట. ఆ వారంలో పనులు ఆపి జనం ఆ చెట్ల కిందికి పోతారట.

"వనభోజనాలకా?" అన్నది రాజ్యం.

"అలాంటివే అనుకో. కానీ ఈయన, ఈయన భార్య మటుకు ఏటా ఇద్దరే వెళ్తారట. చాప పరుచుకుని కూర్చుంటారట. ఏం చెయ్యరట. పూలు రాలుతుంటే చూస్తారట, అంతే," అన్నాడు జనార్ధనరావు.

"ఇద్దరేనా? మరి ఇంట్లోళ్లు?" అన్నది లక్ష్మీనర్సమ్మ.

"ఇంట్లోవాళ్లు ఇంట్లోనే ఉంటారట."

వంటింటి పరదా వెనక కౌసల్య మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడింది. ఆ మాట విన్నాక మజ్జిగ తేవడం మరిచిపోయింది. అత్త రెండుసార్లు పిలిస్తే గానీ కదలలేదు. ఒకాదా పోతూ పోతూ, ఏటా మీ కంపెనీ నుంచి ఒక ఆపరేటరు మా దగ్గరికి శిక్షణకు వస్తాడు, నీ వంతు వచ్చినప్పుడు భార్యను కూడా తీసుకురా, మా ఇంట్లో ఉండొచ్చు, పూలకాలంలో రండి అన్నాడు. మర్యాదకు అన్నాడనుకున్నారంతా. కనకరాజు వంతు తొంభై ఒకటి మార్చిలో అని తేలింది, భార్యకు కంపెనీ ఉత్తరం ఇవ్వడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. అప్పుడు గానీ ఆ మాట నిజమని ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు.

ఇక చూడండి. పాస్‌పోర్టు ఫోటోల దగ్గర మొదలైన హడావుడి ఒక పట్టాన ఆగలేదు. పచ్చి చేపలు పెడతారని ఒకరు, స్నానానికి అందరూ ఒకే తొట్టిలో దిగుతారని ఒకరు బెదిరించారు. జనార్ధనరావు రోజూ సాయంత్రం వచ్చి మర్యాదలు నేర్పేవాడు. ఎవరికి ఎంత వంగాలో ఆయన దగ్గర లెక్క ఉండేది. చిన్నవాళ్లకు తల, ఈడువాళ్లకు మెడ, పెద్దలకు నడుము. కౌసల్య ఎంత శ్రద్ధగా నేర్చుకుందంటే ఒకనాడు బోరింగు దగ్గర బిందె దించి, ముందుగా నీళ్లు పట్టుకోనిచ్చిన సాలమ్మకు నడుము దాకా వంగి దండం పెట్టింది. సాలమ్మ అదిరిపడి వెనక్కి జరిగింది.

"నీకేమైందే, గట్ల మొక్కుతున్నవు?" అన్నది.

అక్కడున్న ఆడవాళ్లంతా బిందెలు వదిలేసి నవ్వారు. జపాన్ కౌసల్య అన్న పేరు ఆ బోరింగు దగ్గరే పుట్టింది.

కానీ ఆమెకు ఆ రోజుల్లో అన్నిటికన్నా ప్రాణమైనవి ఆదివారాలు. అక్కడ పచ్చటి పొడిని వేడినీళ్లలో చిలికి, పిలిచినవాళ్లే స్వయంగా చాయ్ చేసి ఇస్తారని, ఆ చాయ్ తాగేటప్పుడు గిన్నెను రెండు చేతులా పట్టుకుని నిమ్మళంగా తాగాలని ఒకాదా చెప్పి ఉన్నాడు. అది సాధన చేయాలని కనకరాజు పట్టు పట్టాడు. పచ్చపొడి ఎక్కడ దొరుకుతుంది? పెరట్లో మునగచెట్టుంది. ఆకు దూసి, మిద్దె మీద నీడకు ఆరబెట్టి, రోట్లో దంచి, అత్త పాత చీర ముక్కతో జల్లెడ పట్టారు. చూస్తే అచ్చం ఒకాదా చెప్పిన రంగే. చిలకడానికి మజ్జిగ కవ్వం ఉండనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళకు ఇద్దరూ మిద్దె ఎక్కేవాళ్లు. ఆకు ఆరబెట్టడానికి ఇద్దరెందుకని అత్త అడగలేదు, జపాన్ పని అంటే చాలు, దేనికైనా మాఫీ దొరికే కాలం అది. నీళ్లట్యాంకు నీడలో చాప పరిచి, కనకరాజు బాసింపట్లు వేసుకుని కూర్చుని, సర్వలో మునగాకు పొడి వేసి కవ్వంతో సర్రుసర్రున తిప్పేవాడు. నురగ మీసాల మీదికి ఎగిరేది. పెళ్లైనప్పటి నుంచి అతను ఆమె చేతికి ఒక గ్లాసు నీళ్లయినా అందించి ఎరగడు. అందించకూడదని కాదు, ఆ అవసరం రాకుండా అమ్మో అక్కో ముందే కదిలేవారు. ఇప్పుడు గిన్నెను రెండు చేతులా పట్టి ఆమె ముందు పెట్టి, మెడ వంచేవాడు. ఆ చాయ్ నోట్లో పెట్టలేని చేదు. కౌసల్య గుటకగుటకకూ కళ్లు మూసుకుని మొత్తం తాగేది.

"ఎట్లుంది?"

"మస్తుగుంది. జర ఇంగువ తక్కువైంది."

ఇద్దరూ నోరు మూసుకుని నవ్వేవాళ్లు, కింద అత్త లేస్తుందని.

మొదటి ఆదివారం చాయ్ అయ్యాక ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. పిల్లల ఫీజు, బియ్యం, అమ్మ మోకాళ్లు, ఇవి తప్ప పగటిపూట వాళ్లు మాట్లాడుకున్న మాటలు లేవు. పోనుపోను మాటలు దొరికాయి. చిన్నప్పుడు చెరువులో తాను మునిగిపోబోయిన సంగతి అతను చెప్పాడు. తనకు కుట్టుపని నేర్చుకోవాలని ఉండేదని ఆమె చెప్పింది. అతనికి కాకరకాయ కూర అసలు ఇష్టం లేదని, అమ్మ మనసు కష్టపెట్టుకుంటుందని ఇన్నేళ్లుగా తింటున్నాడని ఆమెకు ఆ మిద్దె మీదే తెలిసింది. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి ఈ మనిషిని తాను ఇప్పుడే చూస్తున్నట్టు అనిపించి, ఆమెకు సంతోషంతో పాటు కొంచెం దుఃఖం కూడా కలిగింది. తన బతుకులో సుఖమైన రోజులు ఏవని ఇప్పుడడిగినా కౌసల్యమ్మ ఆ ఆదివారాలనే చెబుతుంది. కవ్వం పచ్చబడిందెందుకని అత్త ఇల్లంతా ఎత్తి కుదేసిన ఆదివారాన్ని కూడా కలుపుకునే చెబుతుంది.

తొంభై ఒకటి వచ్చింది. గల్ఫులో యుద్ధం, పెట్రోలు కరువు, దేశం దగ్గర డాలర్లు లేవని పేపర్ల నిండా రాతలు. ఫిబ్రవరిలో ఒకరోజు కనకరాజు సైకిలు దిగి, డబ్బా కూడా తీయకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఈ ఏడు ఆపరేటర్లు ఒక్కరే పోవాలి, కుటుంబాలకు లేదని కంపెనీ చెప్పేసింది.

"నేను పోను," అన్నాడు. తల్లి ముందు అతను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. కానీ చూపు నేలలోనే ఉంది.

"పిచ్చి లేసిందార? పోకపోతే ఇంకొకన్ని తోల్తరు. మల్ల నీ వంతు ఎన్నడొస్తది?" అన్నది లక్ష్మీనర్సమ్మ.

"పోయొస్తే ప్రమోషనిచ్చి చార్జ్‌మన్ జేస్తరట గద తమ్మీ. ఆడిమనిషి పోకపోతే ఏమాయె?" అన్నది రాజ్యం.

అతను కౌసల్య వైపు చూశాడు. ఆమె వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కాసేపు కూర్చుని, ముఖం కడుక్కుని వచ్చింది.

"పోయి రా. నేనేమనుకోను. పూల సంగతి ఒక్కటి మాత్రం మంచిగ సూసి, వచ్చినంక నాకు జెప్పు. ఎట్ల పూసినయి, ఎట్ల రాలినయి, కింద కూసుంటే ఎట్లుండె, అన్ని అడుగుత," అన్నది.

అతను తలూపాడు. మార్చి సగంలో నెల రోజుల శిక్షణకు పోయాడు.

ఆ నెల కౌసల్య మనసంతా అక్కడే. బియ్యం ఏరుతూ ఇప్పుడక్కడ సాయంత్రమై ఉంటుందనుకునేది. ఏప్రిల్ మొదటివారం వచ్చాక మరీను. ఈపాటికి పూసుంటయి, ఈపాటికి చెట్టు కింద కూర్చుని ఉంటడు, నా ముచ్చట యాదికొచ్చి ఉంటది అనుకుని, పొంగిన పాలను కూడా చూసుకునేది కాదు. ఆ నెలలో అతను ఒక్కసారి జనార్ధనరావు ఇంటికి ఫోన్ చేశాడు. లక్ష్మీనర్సమ్మ మాట్లాడింది, రాజ్యం మాట్లాడింది, జనార్ధనరావు అక్కడి వాతావరణం గురించి విచారించాడు. కౌసల్య చేతికి ఫోన్ వచ్చేసరికి అది కుయ్యిమంటోంది. ఆమె ఆ కుయ్యినే కాసేపు విని పెట్టేసింది.

అతను వచ్చిననాడు ఇల్లు పట్టనంత మంది. అమ్మకు విసనకర్ర, అక్కకు రుమాలు, పిల్లలకు బొమ్మలు, జనార్ధనరావుకు పెన్ను. రైళ్ల గురించి, మిషన్ల గురించి చెప్పాడు. శుభ్రం గురించి చెప్తే ఎవరూ నమ్మలేదు.

"పూలు సూసినవార?" అని లక్ష్మీనర్సమ్మ అడిగింది.

"సూసిన. ఆకే కనబడదు, ఒట్టి పూలే. ఆకాశం కిందికి దిగి కొమ్మల మీద కూసున్నట్టు ఉంటది," అన్నాడు కనకరాజు.

అందరూ ఆహా అన్నారు. కౌసల్య అనలేదు. ఆ మాటలు ఒకాదావి. తిరగేసి బోర్లేసి తాను మనసులో వెయ్యిసార్లు చెప్పుకున్నవే. చూసొచ్చిన మనిషి తన మాట ఒక్కటైనా చెప్పాలి కదా.

మర్నాడు పొద్దున బట్టలారేయడానికి మిద్దె ఎక్కితే అతను వెనకే వచ్చాడు. ఆమె తడిచీర దులుపుతూ అడిగింది.

"నువ్వు పూలు సూడలే గద?"

అతను దండెం పట్టుకుని చెప్పాడు.

"సూడలే. ఒకాదా సాబ్ అందర్ని తోల్కపోయిండు. కడుపునొస్తుందని రూమ్‌ల పన్న. ఇద్దరం కలిసి సూడాలనుకున్నం గద. నువ్వు లేంది ఒక్కన్నే ఎట్ల సూస్త?"

ఇలా అంటే ఆమె కరిగిపోతుందని అతను అనుకుని ఉంటాడు. మగవాళ్ల లెక్కలు అలాగే ఉంటాయి. కౌసల్య చేతిలో చీరను బకెట్లోకి విసిరికొట్టింది.

"నేను జెప్పిందేంది, నువ్వు జేసిందేంది? అంత దూరం పోయి రూమ్‌ల పంటవా? ఈడ నేను దినాం తప్పకుండ అనుకున్న, ఇప్పుడు సూస్తున్నడు, ఇప్పుడు సూస్తున్నడు అని. నువ్వు సూడకపోతే ఇంక నాకు ఎవరు జెప్తరు? నా వంతుది కూడ పోగొట్టుకొని వచ్చినవు."

"నీ కోసమే గద..."

"నా కోసమైతే నేను జెప్పినట్టు జెయ్యాలె. అమ్మ అంటే ఊ అంటవు, అక్క అంటే ఊ అంటవు. నేను అడిగింది ఒక్కటి. అది గూడ నీకిష్టమొచ్చినట్టు జేసినవు."

ఆ ఇంట్లో కౌసల్య గొంతు లేవడం అదే మొదలు. తన గొంతు విని తానే బెదిరింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. కనకరాజు ఓదార్చలేదు, అతనికి చేతకాదు. పక్కన నీళ్లట్యాంకుకు ఆనుకుని నిలబడ్డాడు. తాను మొక్కు చెల్లించాననుకున్నది ఆమెకు అన్యాయం ఎట్లా అయిందో అతనికి మెల్లమెల్లగా తెలిసివచ్చింది. ఇద్దరం ఇద్దరం అని అంత దూరాన గదిలో ముసుగు పెట్టుకుని అనుకున్నాడు గానీ, ఇంట్లో నలుగురి ముందు నోరు తెరిచి ఎన్నడూ అనలేకపోయాడు. అనాల్సింది ఇక్కడ.

"నడువు," అన్నాడు.

"యాడికి?"

"ముందు నడువు."

కింద లక్ష్మీనర్సమ్మ మెట్ల దగ్గరే ఉంది, గొడవ చెవిన పడి. కొడుకు చొక్కా తొడుక్కోవడం, కోడలు ఎర్రబడ్డ కళ్లతో చెప్పులు వెతుక్కోవడం చూసింది.

"పొద్దుపొద్దున్నే ఎటు?"

"గట్ల బయటికి పోయొస్తం."

"అట్లయితే ఉండుండ్రి. రాజ్యాన్ని పిలుస్త, తోడొస్తది," అని ఆమె అలవాటుగా గల్లీ వైపు తిరిగింది. అందులో కల్మషం లేదు, అది ఆ ఇంటి పద్ధతి.

"వద్దమ్మ," అన్నాడు కనకరాజు. "అక్క వద్దు, ఎవ్వరొద్దు. మేమిద్దరమే పోతం."

లక్ష్మీనర్సమ్మ కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. కోపమొచ్చిందో, తన పడుచుదనం గుర్తొచ్చిందో ఆమెకే తెలియాలి. గడపలోంచి పక్కకు జరిగింది.

"ఎండెక్కక ముందే రాండ్రి," అన్నది.

వాకిళ్లు ఊడుస్తున్న ఆడవాళ్లు చీపుర్లు ఆపి చూశారు. ఎదురింటి జనార్ధనరావు పేపరు దించి చూశాడు. ఎవరైనా ఆపి ఏమైందని అడుగుతారేమోనని కౌసల్యకు భయం వేసింది. తల వంచుకునే బస్‌స్టాప్ దాకా నడిచింది. ఉప్పల్ వైపు పోయే బస్సు ఏదో వచ్చింది, ఎక్కారు. ఆడవాళ్ల సీటు ఖాళీగా ఉన్నా ఆమె అక్కడ కూర్చోలేదు. వెనక ఇద్దరు పట్టే సీటు చూసుకుని కిటికీ పక్కకు జరిగింది. కనకరాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎక్కడికి పోతున్నారో అతనూ చెప్పలేదు, ఆమె మళ్లీ అడగలేదు. ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

కండక్టరు టిక్కెట్ల కట్ట పట్టుకుని వచ్చాడు. వెనక ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూసి, "ఎంతమంది?" అన్నాడు.

కనకరాజు నోరు తెరిచేలోపే కౌసల్య కిటికీలోంచి ముఖం తిప్పింది.

"ఇద్దరం," అన్నది.